సర్వేలో 60 శాతం వస్తే సరిపోదు
సర్వేలో 60 శాతం మంది సరేనన్నారు కాబట్టి రోడ్లు, డ్రైనేజీల కోసం నగరం బాండ్లు అమ్మి అప్పు తెచ్చే ప్రతిపాదన ఓటింగ్‌లో గట్టెక్కినట్టేనన్న వ్యాసం మాటతో నేను ఏకీభవించను. కాలిఫోర్నియాలో ఆస్తి పన్నుతో తీర్చే ఇలాంటి నగర బాండ్లకు మూడింట రెండొంతుల ఓట్లు రావాలి. 2022 జూన్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో రవాణా బాండ్లకు దాదాపు 65 శాతం వచ్చినా ఓడిపోయాయి. అది నాకు ఇప్పటికీ బాధే. అసలు సర్వేలో ప్రశ్న ఎలా వేశారో చూడాలి. గుంతలు పూడ్చమంటారా అని అడిగితే వద్దనేదెవరు? ఇంటి పన్ను ఏడాదికి ఎంత పెరుగుతుందో చెప్పి అప్పుడు అడగాలి. అదీ ఫోనెత్తిన ప్రతివాళ్లనీ కాదు, ప్రతి ఎన్నికలో తప్పకుండా ఓటేసేవాళ్లని. పాత బాండ్ల డబ్బు ఏ పనులకు పోయిందో ముందే లెక్క చూపిస్తే, ఊగిసలాడేవాళ్లు కొంతమందైనా ఇటు మొగ్గుతారు.