పదహారు గంటలు కడుపు మాడిస్తేనే కణం శుభ్రపడుతుందా?

మా ఇంటి వాట్సాప్ గ్రూపులో ఒకే ఫార్వర్డ్ తిరిగి తిరిగి వస్తోంది. దాని సారాంశం ఇది: "16 గంటలు ఏమీ తినకపోతే శరీరం తనలోని పాడైన ప్రోటీన్లను తానే తినేస్తుంది. తింటున్నంతసేపూ ఆ పని ఆగిపోతుంది. ఇది కనిపెట్టినందుకే జపాన్ శాస్త్రవేత్తకు నోబెల్ ఇచ్చారు. ఎన్ని గంటలు పెంచితే అంత శుభ్రం. క్యాన్సర్ కణాలు ఆకలికి చస్తాయి, అల్జీమర్స్ దరి చేరదు. మన పెద్దలు ఏకాదశి పెట్టింది ఇందుకే."

ఈసారి మా పెద్దమ్మ దాన్ని నమ్మింది. పొద్దున్నే షుగర్ మాత్ర వేసుకుని, మధ్యాహ్నం దాకా ఏమీ తినకుండా కూర్చుంది. ఒళ్లంతా చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడుతుంటే మా వదిన గమనించి చక్కెర నీళ్లు పట్టించింది. నేను బయోకెమిస్ట్రీ పాఠాలు చెబుతాను. ఇన్నాళ్లూ ఆ ఫార్వర్డ్ చూసి ఊరుకోవడం తప్పనిపించింది. అందుకే అందులోని ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

ముందు నోబెల్ సంగతి. యొషినోరి ఒసుమికి 2016లో వైద్య నోబెల్ వచ్చిన మాట నిజం. ఆయన పరిశోధన చేసింది మనుషుల మీద కాదు, రొట్టెలు పొంగించే ఈస్ట్ మీద. లోపల పోగైన సరుకును విడగొట్టే ఎంజైములు లేని ఈస్ట్ కణాలను తీసుకుని, వాటికి నత్రజని అందకుండా చేశారు. కొద్ది గంటల్లోనే ఆ కణాల లోపలి సంచి చిన్న చిన్న మూటలతో నిండిపోయింది. కణం తన సరుకునే మూటగట్టి అరిగించుకునే ఈ పనే ఆటోఫజీ. దానికి అవసరమైన జన్యువులను 1990లలో ఆయన బృందం ఒక్కొక్కటిగా పట్టుకుంది. బహుమతి అందుకు. ఆటోఫజీ అన్న మాట కూడా అప్పటికే ఉంది. 1963లో క్రిస్టియన్ డి డ్యూవ్ అనే శాస్త్రవేత్త పెట్టిన పేరది. 16 గంటలన్న లెక్క ఆ పరిశోధనలో ఎక్కడా లేదు.

అసలు పెద్ద తప్పు రెండో మాటలో ఉంది: "తింటున్నంతసేపూ ఆ పని ఆగిపోతుంది."

ప్రోటీన్ అంటే ఎమైనో ఆమ్లాల పొడవాటి గొలుసు. అది సరైన ఆకారంలో మడత పడితేనే పనికొస్తుంది. నీటికి దూరంగా లోపల దాగాల్సిన జిగురు భాగాలు మడత తప్పితే బయటికి వస్తాయి, పక్క ప్రోటీన్లకు అంటుకుంటాయి. ముద్దలు కట్టేది అలాగే. అందుకని కణంలో షాపెరోన్లు అనే సహాయక ప్రోటీన్లు కాపలా కాస్తుంటాయి. మడత తప్పిన దాన్ని పట్టుకుని, మళ్లీ సరిగ్గా మడత పడే అవకాశం ఇస్తాయి. పారేసే ముందు బాగుచేసే ప్రయత్నం ఒకటి జరుగుతుందన్నమాట. ఈ సంగతి ఎప్పుడు పాఠంలో చెప్పినా నాకు కొత్తగానే ఉంటుంది.

బాగుపడకపోతే దానికి గుర్తు వేస్తారు. ఆ గుర్తు పేరు యుబిక్విటిన్, 76 ఎమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్. ఒకదాని వెనక ఒకటి వరసగా తగిలిస్తే, ఆ సరుకు ప్రోటియాసోమ్ దగ్గరికి చేరుతుంది. ప్రోటియాసోమ్ పీపా లాంటి యంత్రం. కోత కోసే చోట్లన్నీ దాని లోపలే ఉంటాయి, ద్వారం మాత్రం చాలా ఇరుకు. చెరకు గడను గానుగలోకి తోసినట్టు, ప్రోటీన్‌ను మడతలు విప్పి, సాపు చేసి, ఒక కొస నుంచి లోపలికి లాగాలి. ద్వారం దగ్గరున్న మూతే ఆ పని చేస్తుంది. గుర్తుగా తగిలించిన యుబిక్విటిన్లను అక్కడే ఊడదీసి తిరిగి వాడకానికి పంపుతుంది. లోపల ముక్కలైనవి చివరికి ఎమైనో ఆమ్లాలుగా విడిపోయి కొత్త ప్రోటీన్ల తయారీకి వెళ్తాయి. ఈ గుర్తు వేసే పద్ధతిని కనిపెట్టినందుకు ఆరోన్ సికనోవర్, అవ్రామ్ హెర్ష్కో, ఇర్విన్ రోజ్‌లకు 2004లో రసాయన నోబెల్ వచ్చింది. మడత తప్పిన ప్రోటీన్ల గురించి మాట్లాడేటప్పుడు ముందు చెప్పుకోవాల్సింది ఈ నోబెల్. ఫార్వర్డ్‌లో దాని ఊసే లేదు.

ఈ పని ఆటోఫజీ లేకుండానే జరుగుతుందనడానికి ఒక పాత ప్రయోగం చాలు. ఆటోఫజీ మూటలు చివరికి చేరేది లైసోసోముల్లోకి, అంటే కణంలో సరుకును అరిగించే సంచుల్లోకి. ఇంకా పూర్తిగా ఎదగని ఎర్ర రక్తకణాల్లో లైసోసోములు ఉండవు. ఆల్ఫ్రెడ్ గోల్డ్‌బర్గ్ బృందం 1977లో కుందేలు నుంచి తీసిన అలాంటి కణాల్లో చూస్తే, లోపమున్న ప్రోటీన్లు వేగంగా విరిగిపోతూనే ఉన్నాయి. పైగా ఆ పనికి ఏటీపీ, అంటే కణానికి ఇంధనం, తప్పనిసరి అని తేలింది. పాడైన దాన్ని పారేయడానికి కూడా శక్తి ఖర్చవుతుంది.

ఆటోఫజీ అయినా కడుపు నిండగానే ఆగేది కాదు. 2006లో జపాన్‌లో రెండు బృందాలు మెదడు కణాల్లో ఆటోఫజీ జన్యువు పనిచేయని ఎలుకలను తయారుచేశాయి. వాటికి తిండి ఆపలేదు. అయినా ఆ నాడీకణాల్లో యుబిక్విటిన్ గుర్తున్న ప్రోటీన్ల ముద్దలు పేరుకున్నాయి, నడక దెబ్బతింది, నాడీకణాలు చచ్చిపోయాయి. అంటే మామూలు ఎలుకలో ఆ శుభ్రత రోజూ, తింటూ ఉండగానే జరుగుతోంది. మన ఒంట్లోనూ అంతే. మనం రోజుకు తినే ప్రోటీన్ 60, 70 గ్రాములైతే, శరీరం విడగొట్టి మళ్లీ కట్టుకునేది 200 నుంచి 300 గ్రాములు. అందులో పాడైనవే కాదు, పని అయిపోయినవీ ఉంటాయి. టిఫిన్ తిన్నామని ఆ పని ఆగదు.

ఉపవాసంతో ఏమీ మారదని నేననడం లేదు. తిండి లేనప్పుడు ఇన్సులిన్ తగ్గుతుంది, ఆటోఫజీ పెరుగుతుంది. కానీ ఆ పెరుగుదల ప్రధానంగా ఇంధనం కోసం. అందుబాటులో ఉన్న సరుకును మంచీ చెడూ పెద్దగా చూడకుండా మూటగడుతుంది. పాడైన ముద్దలను ఏరి పట్టుకోవడానికి పీ62 లాంటి ప్రత్యేక ప్రోటీన్లు కావాలి. ఇక గంటల లెక్కకొస్తే, ఎలుకల్లో చూసింది మనకు అలాగే వర్తించదు. ఎలుకకు ఒక రోజు పస్తు మనిషికి ఒక రోజు పస్తు లాంటిది కాదు. అంతలోనే ఎలుక బరువు బాగా పడిపోతుంది. మనిషి కాలేయంలోనో మెదడులోనో ఆటోఫజీ ఎంత జరుగుతోందో చెప్పే మామూలు రక్తపరీక్ష లేదు. అలాంటప్పుడు సరిగ్గా 16 గంటలకే మొదలవుతుందని ఎవరూ కొలిచి చెప్పలేరు.

క్యాన్సర్ గురించి రాసిన మాట నన్ను ఎక్కువ బాధపెట్టింది. మల్టిపుల్ మైలోమా అనే రక్త క్యాన్సర్‌కు 2003లో అమెరికాలో అనుమతి పొందిన మందు బోర్టెజోమిబ్. అది ప్రోటియాసోమ్‌ను అడ్డుకుంటుంది. ఆ క్యాన్సర్ కణాలు విపరీతంగా ప్రోటీన్ తయారుచేస్తాయి. చెత్త విరగకుండా పేరుకుంటే తట్టుకోలేక చస్తాయి. అంటే ఇక్కడ క్యాన్సర్ కణాన్ని చంపేది శుభ్రత కాదు, శుభ్రత ఆగిపోవడం. ముదిరిన కణితులు చాలావాటిలో ఆటోఫజీ క్యాన్సర్ కణం బతకడానికే సాయపడుతుంది, అందుకే దాన్ని ఆపే మందులను రోగుల్లో పరీక్షించారు. క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లకు బరువు తగ్గకుండా చూసుకోవడమే పెద్ద టెన్షన్. వాళ్లకు ఈ ఫార్వర్డ్ పంపకండి.

అల్జీమర్స్‌లో పేరుకునే అమిలాయిడ్ గడ్డలు కణాల బయట ఉంటాయి, టౌ ముద్దలు లోపల. వయసుతో ఈ శుభ్రత మందగిస్తుందన్నది నిజమే. ఉపవాసంతో ఆ జబ్బు ఆగుతుందని మాత్రం మనుషుల్లో నిరూపణ కాలేదు.

"ఎంత ఎక్కువైతే అంత శుభ్రం" అన్నదీ నిజం కాదు. పుట్టుకతో వచ్చే సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జబ్బు చూడండి. చాలామంది రోగుల్లో, కణ పొరలో ఉండి ఉప్పును దాటించాల్సిన సీఎఫ్‌టీఆర్ అనే ప్రోటీన్‌లో ఒకే ఒక్క ఎమైనో ఆమ్లం లోపిస్తుంది. కణ పొర చేరితే అది కొంతైనా పనిచేసేది. చేరనివ్వకుండా, మడత సరిగా లేదని కణం ముందే పట్టి ప్రోటియాసోమ్‌కు పంపేస్తుంది. ఊపిరితిత్తుల్లో శ్లేష్మం గట్టిపడేది అందుకే. ఇప్పుడు వాడే కొన్ని మందులు ఆ ప్రోటీన్ మడతను సరిచేసి, విరిగిపోకుండా పొర దాకా చేరుస్తాయి.

ఏకాదశి ఉపవాసం భక్తితో చేసేది. మా ఇంట్లోనూ ఉంది, నాకు దానిపై గౌరవముంది. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగకుండా ఒక్క పూట కూడా మానకండి. మందు వేసుకుని తినకపోతే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది.

ఇదంతా గ్రూపులోనూ పెట్టాను. వచ్చే ఏకాదశికి పాలు, పళ్లు తీసుకుంటానని, మాత్ర సంగతి ముందే డాక్టర్‌ని అడుగుతానని పెద్దమ్మ చెప్పింది.