కూర్మయ్య ఉపవాసం, నా ఫలహారం

ఇది రాస్తున్నప్పటికి కూడా నా నోట్లోంచి చేపల వాసన పోలేదు. మూడుసార్లు పళ్లు తోముకున్నాను, రెండు యాలక్కాయలు నమిలాను. పోవట్లేదు. అందులోనూ అది నోట్లో పడింది శనివారం నాడు. శనివారం మా ఇంట్లో నీచు గిన్నె కూడా బయటికి తీయరు.

మా ఇంట్లో ఒక తాబేలుంది. మూడేళ్ల కిందట గృహప్రవేశానికి మా బామ్మర్ది తెచ్చాడు. లోకంలో అందరూ వాస్తుకి మంచిదని ఇత్తడి తాబేలు ఇస్తారు. నీళ్ల పళ్లెంలో పెట్టి ఓ మూల ఉంచితే సరిపోతుంది, దానికి ఆకలి ఉండదు, చలి ఉండదు. మావాడు మాత్రం "ప్రాణమున్నదైతే ఫలితం గట్టిగా ఉంటుంది బావా" అని అక్వేరియం షాపుకెళ్లి ప్రాణమున్నదాన్నే పట్టుకొచ్చాడు. అప్పుడది పది రూపాయల బిళ్లకన్నా కాస్త పెద్దది. ఇక పెరగదని షాపువాడు మాటిచ్చాడట. ఇప్పుడు టిఫిన్ ప్లేటంత ఉంది. ఫలితం సంగతి అడగకండి, ఆ ఏడాది మా కంపెనీలో ఇంక్రిమెంట్లే లేవు.

మా అమ్మది శ్రీకాకుళం వైపు. తాబేలు గుమ్మం దాటగానే చేతులు జోడించి, కూర్మయ్య అని పేరు పెట్టేసింది.

ఈ డిసెంబరులో చలి ముదిరింది. కూర్మయ్య తిండి మానేశాడు. బామ్మర్దికి ఫోన్ చేస్తే ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా చెప్పాడు: "జలుబు బావా. రోజంతా నీళ్లలో ఉంటే నీకు మాత్రం చేయదా? తీసి పొడిగా పెట్టు." నాకు చిన్న అనుమానం వచ్చింది గానీ అమ్మ సాక్ష్యం చెప్పింది. శ్రీకూర్మం గుడిలో తాబేళ్లు హాయిగా నేల మీదే తిరుగుతాయట, నేల మీదే ఆకులు నములుతాయట, తన చిన్నప్పటి నుంచీ చూస్తోందట. గుడిలో తాబేలుకే నీళ్లు అక్కర్లేనప్పుడు మన తాబేలుకి ఎందుకు? అలా కూర్మయ్య ప్లాస్టిక్ బేసిన్‌లో, నా పాత టవల్ మీద, హాల్లో మూసిన కిటికీ పక్కన ఎండ పడే చోట సెటిలయ్యాడు. రోజుకోసారి స్నానం కూడా లేదు, జలుబు కదా.

ఇక తిండి. పాలకూర, దోసకాయ ముక్క, ఉడికించిన గుడ్డు, ఆఖరికి మా పనమ్మాయి ఇంటి నుంచి తెచ్చిన పచ్చిరొయ్య. కూర్మయ్య వాసన చూస్తాడు, నోట కరుచుకుంటాడు, కాసేపు పట్టుకుని మళ్లీ వదిలేస్తాడు. ఎనిమిది రోజులు ఇదే తంతు.

తొమ్మిదో రోజు, అంటే నిన్న పొద్దున, అమ్మ కొత్త సిద్ధాంతం తీసింది. "ఒరేయ్, నువ్వు ఎల్‌కేజీలో ఉన్నప్పుడు ఇలాగే తిండి మానేశావు. మీ నాన్న ఎదురుగా కూర్చుని తిని చూపిస్తే తిన్నావు. దానికీ ఎవరో ఒకరు తిని చూపించాలి." ఎవరో ఒకరు అంటే ఈ ఇంట్లో ఎవరో నాకు ఇరవై ఏళ్లుగా తెలుసు.

హాల్లో బోర్లా పడుకున్నాను. నలభై ఏడేళ్ల వయసులో మగాడు గచ్చు మీద బోర్లా పడుకోవడం అంత సులువు కాదు. ముందు పొట్ట ఆనుతుంది. తర్వాత దాని చుట్టూ మనిషి అటూ ఇటూ ఊగుతాడు. కాళ్లూ చేతులూ నేలకి అందవు. ఆ క్షణాన ఆ గదిలో ఇద్దరం ఒకే జాతి జీవుల్లా ఉన్నామని మా అబ్బాయి తర్వాత అన్నాడు. కాకపోతే తిరగేసి చూస్తే, గట్టి డొప్ప దానికి వీపు మీద, నాకు కింద. టైల్స్ ఐస్‌లా ఉన్నాయి. నా గడ్డం బేసిన్ అంచు మీద ఉంది. కూర్మయ్య ముఖం నా ముఖానికి జానెడు దూరంలో ఉంది.

అంత దగ్గరగా తాబేలు కళ్లలోకి ఎవరూ చూసి ఉండరు. లంచ్ టైముకి రెండు నిమిషాల ముందు కౌంటర్ దగ్గరికి వెళ్తే క్యాషియరు చూసే చూపు అది. "ఆఁ" అన్నాను. అది కదల్లేదు. "ఆఁ... ఆఁ... అమ్మ" అన్నాను. రెప్ప వేసింది. కింది రెప్ప పైకి వచ్చింది. అది కూడా మనకు తలకిందులే. దాని కోసం కొన్న పెల్లెట్, అంటే మేత గుళిక, ఒకటి రెండు వేళ్ల మధ్య పట్టుకుని, నోటి దాకా తెచ్చి, దవడలు ఆడించి, "అబ్బ, ఎంత బాగుందో!" అన్నాను. కూర్మయ్య మెడ కొంచెం సాచాడు. వెనక నుంచి అమ్మ, "చూశావా, చూశావా! ఇంకా దగ్గరగా పెట్టు, పెదవులకి తగలనీ" అంది. తగలనిచ్చాను. పెల్లెట్ తడి పెదవికి అతుక్కుంది.

సరిగ్గా అప్పుడే కాలింగ్ బెల్ మోగింది. మా ఆవిడ తలుపు తీసింది. మెయింటెనెన్స్ డబ్బుల కోసం అసోసియేషన్ వాళ్ల మనిషి. నెల మొదటి వారంలో మోటారు కాలిపోయిందని చెప్పడానికి మూడుసార్లు పిలిస్తే రాని మనిషి. రసీదు పుస్తకంతో సహా నా తల దగ్గరికి వచ్చి నిలబడి, "సార్‌కి నడుమా?" అన్నాడు.

ఉలిక్కిపడి ఊపిరి పీల్చాను. మింగేశాను.

డబ్బా మీద మొదటి పదార్థం చేప పొడి, రెండోది రొయ్య పొడి. అమ్మ అప్పటి నుంచి నన్ను పూజగది వైపు రానివ్వడం లేదు. తిన్న నాకు అంటింది గానీ, తినమన్న ఆవిడకి ఏమీ అంటలేదు. మా అబ్బాయి తీసిన వీడియో పావుగంటలో ఫ్యామిలీ గ్రూపుకి చేరింది.

మధ్యాహ్నం పెట్ క్లినిక్‌కి వెళ్లాం. మొదటి క్లినిక్‌లో కుక్కల్నే చూస్తామన్నారు. రెండో చోట రిసెప్షన్ అమ్మాయి కంప్యూటర్‌లో జంతువు దగ్గర మూడే ఉన్నాయి: కుక్క, పిల్లి, పక్షి. నాలుగోది పెట్టడం కుదరదట, సిస్టమ్ తీసుకోదట. "గుడ్లు పెడుతుంది కదా సార్" అని పక్షి నొక్కింది. ఫీజు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అదే సిస్టమ్ దాన్ని విదేశీ జీవిగా గుర్తుపట్టి రెట్టింపు వేసింది.

డాక్టరమ్మ ముందు మెడ పక్కన ఎర్ర చారలు చూసి హమ్మయ్య అంది. నక్షత్ర తాబేలు అయితే ఇంట్లో పెంచడమే నేరమట. ఇది మిసిసిపీ ప్రాంతపు నీటి తాబేలు.

"తిండి ఎక్కడ పెడుతున్నారు?"

"పళ్లెంలో."

"పళ్లెం ఎక్కడ?"

"టవల్ మీద."

ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. ఒక టబ్బులో గోరువెచ్చని నీళ్లు పోయించి కూర్మయ్యని వదిలి, పెల్లెట్ ఒకటి వేసింది. కాసేపు ఈదాడు. గబుక్కున మింగాడు. ఇంకోటి. ఇంకోటి.

"దీని నాలుక కదలదండీ, నోట్లో తగినంత లాలాజలం కూడా ఉండదు. నీళ్లుంటేనే మింగగలదు. గుడిలోవి మెట్ట తాబేళ్లు, వాటి సంగతి వేరు. మొదట మానేసింది చలికి. నీళ్లు 25 డిగ్రీలకు తగ్గకుండా హీటర్ పెట్టండి. మూసిన కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండలో దీనికి పనికొచ్చే కిరణాలు రావు, యూవీబీ లైటు కొనండి."

తెలుగులో రెండింటినీ తాబేలు అనే అంటాం కదా, మా తప్పేముంది అందామనుకున్నాను. ఈలోపు మా ఆవిడ పెల్లెట్ సంగతి చెప్పేసింది. చెప్పమని ఎవరూ అడగలేదు.

డాక్టరమ్మ అప్పుడు తాబేలుని వదిలేసి నా వైపు తిరిగింది. "ఇలాంటి తాబేళ్ల ఒంటి మీద సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉంటుందండీ. అందుకే 1975 నుంచి అమెరికాలో నాలుగు అంగుళాల లోపు తాబేలు పిల్లల్ని పెంపకానికి అమ్మనివ్వరు. చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటారని." చిన్నపిల్లలు అన్న మాట కొంచెం నొక్కింది. "మీకు విరేచనాలు గానీ, జ్వరం గానీ?" బయట బెంచీ మీద లాబ్రడార్‌తో కూర్చున్నాయన మెడ సాచి విన్నాడు.

ఈ జాతి తాబేళ్ల దిగుమతిని యూరోపియన్ యూనియన్ 1997లోనే ఆపేసిందని కూడా ఆవిడే చెప్పింది. యూరప్ మొత్తానికి చేతనైంది, నాకు ఒక్క బామ్మర్దిని ఆపడం చేతకాలేదు.

రాత్రి వాడే ఫోన్ చేశాడు. "వీడియో చూశాను బావా. నేను చెప్పాగా, చలి వల్లే అని. ఇంకోటేంటంటే, ఒంటరిగా ఉండి బెంగ పెట్టుకుంది. ఆదివారం దానికి జోడీ తెస్తున్నా."

ఇవాళ ఆదివారమే. కిందికి వెళ్లి వాచ్‌మన్‌కి వాడి బండి నంబరు ఇచ్చి వచ్చాను.