అటక మీద లక్షలేం లేవు

సంక్రాంతి ముందు ఇళ్లు దులుపుకునే రోజులు రాగానే వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. ఎన్నిసార్లు దించినా బేతాళుడు మళ్లీ చెట్టెక్కినట్టు, అదీ ఏటా అక్కడికే చేరుతుంది. ఈసారి మా బంధువుల గ్రూపులో రెండుసార్లు, ఆఫీసు గ్రూపులో ఒకసారి, నీళ్ల ట్యాంకర్ తప్ప ఇంకో మాట వినబడని మా అపార్ట్‌మెంట్ గ్రూపులో కూడా ఒకసారి వచ్చింది.

సారాంశం ఇది. మీ అటక మీద పాత చందమామలు, అమర్ చిత్ర కథలు, ఇంద్రజాల్ కామిక్స్ ఉంటే ఒక్కటి కూడా గడప దాటనివ్వకండి. ఒక్కో సంచిక లక్షలు పలుకుతుంది. సెట్టు విడగొడితే విలువ పోతుంది. లామినేషన్ చేయించి దాచండి. మనవలు చదువుకుంటారు. చివర్న ఒక చురక: నాలుగు ఏరుకుని మిగతావి వదిలించుకునేవాడు అసలు పుస్తకప్రేమికుడే కాదట.

ఆ చురక తిన్నగా నాకే తగిలింది. మా ఇంట్లో ఆరు వందల పైచిలుకు ఉండేవి. ఇప్పుడు తొమ్మిది ఉన్నాయి.

చందమామ కామిక్ ఎలా అవుతుందని ఎవరైనా అడగొచ్చు. అవదు. కానీ మా తెనాలి ఇంట్లో అన్నీ ఒకే ట్రంకు పెట్టెలో ఉండేవి, అన్నిటినీ కలిపి అమ్మ ‘బొమ్మల పుస్తకాలు’ అనేది. నేనూ అలాగే అంటాను.

ముందు లక్షల సంగతి. మెసేజ్‌తోపాటు సూపర్‌మ్యాన్ బొమ్మ పెట్టి, అమెరికాలో ఒక కామిక్ కోట్లకు పోయిందని రాశారు. అది నిజమే. సూపర్‌మ్యాన్ తొలిసారి కనబడ్డ, 1938లో 10 సెంట్లకు అమ్మిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక ప్రతి ఒకటి 2014లో వేలంలో 32 లక్షల డాలర్లు పలికింది. 2024లో ఇంకో ప్రతికి 60 లక్షల డాలర్లు వచ్చాయి. అయితే ఎందుకు పలికిందో మెసేజ్ రాసినాయన చెప్పలేదు. ఆ రోజుల్లో పిల్లలు వాటిని చదివి పారేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో పాత కాగితం పోగేసి ప్రభుత్వానికి ఇవ్వమంటే ఇళ్లలో ఉన్నవీ పోయాయి. ఇప్పుడు లోకంలో మిగిలినవి వందకు అటూ ఇటూ అని అంచనా. అంటే అందరూ పారేశారు కాబట్టే మిగిలిన నాలుగింటికి అంత ధర. ‘ఎవరూ పారేయకండి’ అని ఊరంతా చాటింపు వేసే మెసేజ్‌కి ఈ ఉదాహరణ పెట్టడం చూస్తే నవ్వొస్తుంది.

అందరూ దాస్తే ఏమవుతుందో కూడా అమెరికాలోనే తేలిపోయింది. ఈ కోట్ల వార్తలు చదివి అక్కడి జనం కొత్త కామిక్స్ కొని, విప్పకుండా కవర్లలో పెట్టి దాచడం మొదలుపెట్టారు. 1991లో ఎక్స్-మెన్ మొదటి సంచిక 80 లక్షల పైచిలుకు ప్రతులు వేశారు. 1992 నవంబరులో సూపర్‌మ్యాన్ చనిపోయే సంచికని నల్ల కవర్లో సీలు వేసి అమ్మితే, చదవడానికొకటి, దాచడానికొకటి అని రెండేసి కొన్నారు. దాచినవన్నీ ఇవాళ్టికీ తళతళలాడుతూ ఉన్నాయి, అదే వాటి ఖర్మ. ఎవరింట్లో చూసినా ఉన్నదాన్ని ఎవరు కొంటారు? బుడగ పగిలి కామిక్స్ దుకాణాలు వరసపెట్టి మూతపడ్డాయి. 1996 డిసెంబరులో ఆ ఎక్స్-మెన్ వేసిన మార్వెల్ కంపెనీయే దివాలా పిటిషన్ వేసింది.

ఇక మన సంగతి. నాగిరెడ్డి, చక్రపాణి చందమామని 1947 జూలైలో మొదలుపెట్టారు. తొలి ఏళ్ల సంచికల కోసం వెతికేవాళ్లు ఉన్నారు, మంచి ధరే ఇస్తారు, కాదనను. కానీ మనలో చాలామంది అటకల మీద ఉన్నవి 1970లవి, 80లవి. అట్ట ఊడిపోయి, మధ్యలో పేజీలు లేచిపోయి, బేతాళ కథ దగ్గర కాఫీ గ్లాసు మచ్చ పడ్డవి. ఒక ఆదివారం రెండు సంచులు మోసుకుని అబిడ్స్ ఫుట్‌పాత్ బజారుకి వెళ్లాను. పాత పుస్తకాలాయన సంచిలో చెయ్యి పెట్టకముందే నవ్వాడు. “ఆ మెసేజ్ నాగ్గూడ వచ్చింది సార్. లక్ష ఇచ్చేటాయన నంబరుంటే జర ఇయ్యుండ్రి, నా తాన రెండు బస్తాలున్నయ్” అన్నాడు.

సెట్టు విడగొట్టకూడదన్న మాట దగ్గర నాకు కాస్త మొహమాటం. ఇరవై ఏళ్లు నేనూ అదే నమ్మాను. అమర్ చిత్ర కథల్లో నా దగ్గర ఒకటి నుంచి పది నంబర్లు లేవని ఎంత బెంగపడ్డానో! తర్వాత తెలిసింది, ఇంగ్లీషులో ఆ పదీ లేనే లేవు. మొదటి పది నంబర్లూ కన్నడంలో వచ్చిన సిండ్రెల్లాలాంటి విదేశీ కథలు. అనంత్ పాయ్ 1967లో మొదలుపెట్టిన వరసలో మొట్టమొదటి ‘కృష్ణ’కి పడిన నంబరే 11. ఇంద్రజాల్‌దీ అదే తంతు. 1964 మార్చి నుంచి 1990 దాకా వచ్చిన ఆ కామిక్స్‌లో 123, 124 నంబర్లు సమ్మె వల్ల అచ్చే కాలేదు. అచ్చు కాని పుస్తకాల కోసం నిద్ర మానుకున్నవాళ్లని నేనెరుగుదును. వాళ్లలో ఒకణ్ణి అద్దంలో రోజూ చూస్తాను.

పైగా తెలుగిళ్లలో సెట్టుని మొదట విడగొట్టింది మన పెద్దవాళ్లే. సీరియల్ పేజీలు విప్పి, వరసగా పేర్చి, బైండు చేయించేవారు. నాన్న అలా ‘రాకాసిలోయ’ చేయించారు. దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ల మీద రచయిత పేరు ఉండేది కాదు కాబట్టి, ఆయన పేరు నాకు మీసాలొచ్చాకే తెలిసింది. వాటికి బొమ్మలేసిన ‘చిత్ర’ అనే చిత్రకారుడి గీతలు మాత్రం కళ్లు మూసుకున్నా కనబడేవి. బైండరు అంచులు సమంగా కోసేసరికి కుడివైపు పేజీల్లో కొన్ని వాక్యాల చివరి అక్షరాలు ఎగిరిపోయాయి. వాటిని ఊహించుకుంటూ చదవడమే మాకు అలవాటు. సేకరించేవాళ్ల లెక్కలో ఆ బైండు తుక్కు. నా తొమ్మిదిలో మొదటిది అదే.

లామినేషన్ మాట మీద మాత్రం గొంతు పెంచక తప్పదు. దయచేసి ఆ పని చేయకండి. ఈ పుస్తకాలు చాలావరకు చౌక కాగితం మీద అచ్చయినవి. కలపగుజ్జులోని లిగ్నిన్ అనే పదార్థం వెలుతురుకీ గాలికీ పసుపెక్కుతుంది, కాగితంలో పుట్టే ఆమ్లం దాన్నే లోపల్నించి తినేస్తుంది. వేడి పెట్టి ప్లాస్టిక్ అతికిస్తే ఆ ఆమ్లం లోపలే ఉండిపోతుంది, అతికినది మళ్లీ ఊడదు. సెల్లోటేపు సంగతీ అంతే. నాలుగేళ్లకి జిగురు ఎండి టేపు ఊడిపోతుంది, గోధుమరంగు చార మాత్రం ఉంటుంది. మా ట్రంకు పెట్టె తెరిచిన రోజు ముందు కలరా ఉండల వాసన గుప్పున కొట్టింది. ఉండలు ఎప్పుడో కరిగిపోయాయి, వాసన మిగిలింది. కృష్ణా డెల్టా తేమకి పిన్నులు తుప్పుపట్టి, ప్రతి పుస్తకం నడుమ రెండు ఎర్రటి మరకలు. అడుగు వరసలో చెదలు ఈ చివర నుంచి ఆ చివరికి సొరంగం తవ్వాయి. ఒక సంచిక పైకి తీస్తే మధ్యలో చెయ్యి పట్టేంత బెజ్జం, అందులోంచి కింద సంచిక మీద విక్రమార్కుడి కత్తి కనబడుతోంది. తుప్పు పిన్నులు మెల్లగా తీసి నూలుదారంతో కుట్టడం, పాలీప్రొపిలిన్ కవర్లో పెట్టడం, గాలాడే బీరువాలో నిలబెట్టడం. తొమ్మిదింటికి ఇదంతా ఒక్క మధ్యాహ్నంలో అయింది. ఆరు వందలకి ఎవరి వల్ల అవుతుంది? అవదు కాబట్టే అటక ఎక్కిస్తాం, ఎక్కిస్తే చెదలకి విందు. అన్నీ దాచమనే సలహా అక్కడికే చేరుతుంది.

మనవల సంగతా? మా అన్నయ్య మనవడికి తొమ్మిదేళ్లు. పెట్టె మొత్తం వాడి ముందు పెట్టాను. పావుగంట తిరగేసి టింకిల్ అనే పిల్లల కామిక్స్ పత్రికవి మూడు తీసుకున్నాడు, మూడింటిలోనూ వెర్రిబాగుల సుప్పాండి ఉన్నాడని. మిగతావి మళ్లీ నా వైపు తోసి, “ఇవి నువ్వు ఉంచుకో తాతా” అన్నాడు.

ఈ మెసేజ్ కిందే ఒకాయన రివర్సులో వాదించాడు. అన్నీ పీడీఎఫ్‌లలో ఉన్నాయి, కాగితం మొత్తం కాటాకి వేసెయ్యండి అని. చందమామ వాళ్ల సొంత సైటులోనే ఒకప్పుడు పాత సంచికలు చదువుకోవడానికి దొరికేవి. పత్రిక ఆగిపోయింది, తర్వాత ఆ సైటూ పోయింది. చదువరులు దాచుకున్న స్కాన్లే ఇప్పుడు తిరుగుతున్నాయి. పీడీఎఫ్‌లు నేనూ చదువుతాను, కానీ ఎవరో ఒకరి ఇంట్లో కాగితం ఉండబట్టే ఆ స్కాన్లు పుట్టాయన్నది ఆయన మరిచారు.

చివరికి ఆ చురక. నేను ఏరిన పద్ధతి చెబుతాను, ప్రేమ ఉందో లేదో మీరే చూడండి. పెట్టె తెరవకముందే ఒక కాగితం తీసుకుని, ఈ ఇల్లు మునిగిపోతే ఏ సంచికల కోసం వెనక్కి వెళ్తానో జ్ఞాపకం మీద రాశాను. గంటసేపు కూర్చుంటే పద్నాలుగు పేర్లు వచ్చాయి. ఆరు వందల్లో పద్నాలుగు! పెట్టె తెరిచాక వాటిలో ఆరు చెదలు తిన్నవీ, ఎవరో తీసుకెళ్లి ఇవ్వనివీ. ఎనిమిది మిగిలాయి. మిగతా వాటిలో బాగున్నవి చాలావరకు ఇంటి వరండాలో పిల్లల లైబ్రరీ నడిపే ఒక రిటైర్డ్ టీచరమ్మకి ఇచ్చాను. కొన్ని నంబర్లు వెతుక్కుంటున్న ఇద్దరు మిత్రులకి వెళ్లాయి. పొడైపోయినవి పాత పేపర్లాయన తూకం వేసుకున్నాడు. ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

ఏరడంలో పొరపాట్లు జరగవని చెప్పను. అబిడ్స్‌కి మోసుకెళ్లిన సంచుల్లో ఒక 1974 సంచిక ఉంది. నా జాబితాలో అది లేదు. పాత పుస్తకాలాయన ఒక్కొక్కటీ తిరగేస్తూ దాని దగ్గర ఆగాడు. ఫొటో వ్యాఖ్యల పోటీ పేజీలో రెండు ఫొటోల కింద పెన్సిలుతో ఏదో రాసి, కొట్టేసి, మళ్లీ రాసి ఉంది. నాన్న చేతిరాత. పక్కనే మడత నలగని పోస్టుకార్డు, ‘చందమామ, వడపళని, మద్రాసు-26’ అని అడ్రసు వరకూ రాసి వదిలేసింది. నాన్న పోటీకి రాయబోయారన్న సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

“గీతలున్నయ్ సార్, ఇది నడ్వది, ఎవ్వరు కొనరు” అని ఆయన దాన్ని కుప్పలోంచి తీసి నా చేతిలో పెట్టాడు.