మెంటార్ దొరికితే సగం గెలిచినట్టేనా?

స్టార్టప్ పెట్టాలనుకునేవాళ్ళ ఫోన్లలో ఒక సందేశం ఏళ్ళుగా తిరుగుతూనే ఉంది. మాటలు అటూ ఇటూ మారినా సారాంశం ఇదీ: "కోర్సులూ శిక్షణలూ దండగ. పెద్ద కంపెనీ నడిపిన మెంటార్‌ని ఒక్కరిని పట్టుకుంటే సగం గెలిచినట్టే. స్టీవ్ జాబ్స్‌కే మెంటార్ ఉన్నాడు. ఆయన ఏం చెబితే అది చెయ్యండి. ఎలాగూ పదిలో తొమ్మిది స్టార్టప్‌లు మునిగేవే, ఫెయిలైతే మరీ మంచిది, వైఫల్యాన్ని మించిన గురువు లేడు. గేట్స్, జుకర్‌బర్గ్ చదువు మానేసినవాళ్ళే. మెంటార్‌కి ఓ 2 శాతం వాటా రాసిచ్చేయండి, ప్రాణం పెట్టి పనిచేస్తాడు."

ప్రతి ముక్కలోనూ కాస్త నిజం ఉంది, అందుకే ఇంతలా తిరుగుతోంది. ఆ నిజం ఎక్కడిదాకా వస్తుందో, ఎక్కడ తెగుతుందో చూద్దాం.

"జాబ్స్‌కే మెంటార్ ఉన్నాడు." నిజమే. ఆయన పేరు బిల్ క్యాంప్‌బెల్. కొలంబియా యూనివర్సిటీలో అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్‌గా పనిచేసి వ్యాపారంలోకి వచ్చారు, 1994 నుంచి 1998 దాకా ఇన్‌ట్యూట్ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీకి సీఈఓగా ఉన్నారు, 2016లో కన్నుమూశారు. గూగుల్‌లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్, ఎరిక్ ష్మిట్‌లకూ ఆయనే కోచ్. అయితే తేదీలు చూడండి. గూగుల్ కంపెనీ పుట్టింది 1998లో, ప్రకటనల వ్యాపారం మొదలైంది 2000లో, ష్మిట్ వచ్చింది 2001లో. క్యాంప్‌బెల్ అడుగుపెట్టింది ఆ తర్వాతే. ఆయన చేసింది ఇప్పటికే పరుగెడుతున్న కంపెనీలో పై స్థాయి మనుషుల్ని ఒక జట్టుగా నిలపడం. ఏం తయారుచేయాలి, ఎవరికి అమ్మాలి అని తేల్చిపెట్టడం కాదు. మొదటి పదిమంది కస్టమర్లు కూడా లేని ఫౌండర్‌కి కావలసింది ఈ రెండోదే.

"ఆయన ఏం చెబితే అది చెయ్యండి." ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే, కాబట్టి కాసేపు ఆగుదాం.

మెంటార్ వల్ల లాభం ఉండదని కాదు. నైరోబీ శివార్లలోని దండోరాలో చిన్న వ్యాపారాలు నడిపే మహిళలపై జరిపిన ఒక అధ్యయనం 2018లో అచ్చయింది. కొందరికి తరగతి గదిలో పాఠాలు చెప్పించారు, కొందరికి అదే ప్రాంతంలో ఆరితేరిన వ్యాపారిని మెంటార్‌గా జతచేశారు. తరగతికి వెళ్ళినవాళ్ళ లాభంలో మార్పు లేదు. మెంటార్ ఉన్నవాళ్ళ లాభం సగటున 20 శాతం పెరిగింది. సందేశం పంచేవాళ్ళకి ఇంతవరకు చదివితే పండగే. మిగతాదీ చదవాలి. ఆ మెంటార్లు పేరుమోసిన సీఈఓలు కారు, పక్క వీధి వ్యాపారులు. వాళ్ళు ఇచ్చింది దార్శనికత కాదు, సరుకు ఎవరి దగ్గర చవగ్గా దొరుకుతుందన్న కబురు. జంటలు విడిపోయేకొద్దీ లాభమూ కరిగిపోయింది. అంటే చేతికొచ్చింది ఆ ఊరికీ ఆ సరుకుకీ పనికొచ్చే తాజా సమాచారం. ఇరవై ఏళ్ళ కింద వేరే దేశంలో వేరే సరుకు అమ్మిన పెద్దమనిషి దగ్గర అది ఉండదు.

యాక్సిలరేటర్లలో, అంటే కొత్త స్టార్టప్‌లని కొన్ని నెలలు దగ్గరుండి నడిపించే సంస్థల్లో, దీనికి వ్యతిరేకమైన ఇబ్బంది ఉంది. ఒకే వారంలో పది, ఇరవై మంది మెంటార్ల ముందు కూర్చోబెడతారు. ఒకరు ధర పెంచమంటారు, ఇంకొకరు ఉచితంగా ఇవ్వమంటారు, మూడోవారు అసలు కస్టమర్నే మార్చమంటారు. ఆ తలతిరుగుడికి 'మెంటార్ విప్‌లాష్' అని పేరు కూడా ఉంది. అబద్ధం ఎవరూ చెప్పరు. ఎవరి అనుభవం వాళ్ళు చెబుతారు, అంతే. అందుకే సలహాతో పాటు మూడు విషయాలు రాసుకోవాలి: ఇది ఆయన ఎప్పుడు చేశారు, అప్పటికి కంపెనీకి ఎంతమంది కస్టమర్లు ఉన్నారు, ధర చెల్లించింది వ్యక్తులా కంపెనీలా. మూడూ మీ పరిస్థితికి దూరంగా ఉంటే సలహాని గౌరవంగా పక్కన పెట్టేయొచ్చు. సలహాలు కొట్టుకున్నా ముగ్గురూ ఒకే ప్రశ్న అడిగారంటే మాత్రం ఆ ప్రశ్నని వదలకూడదు.

అసలు ఏం అడుగుతున్నామన్నదాన్ని బట్టే సమాధానం. "మార్కెటింగ్ ఎలా చేయాలి సార్?" అని అడిగితే ఆయన తన కథ చెబుతారు, గంట గడిచిపోతుంది. చిన్న వ్యాపారులకి బిల్లింగ్ యాప్ అమ్మే ఫౌండర్ ముందురోజే ఇలా పంపాడనుకోండి: "ఆరు వారాల్లో 140 మంది ట్రయల్ మొదలుపెట్టారు. 61 మంది ఒక్క ఇన్‌వాయిస్ కూడా వేయలేదు. 9 మంది డబ్బు కట్టారు, వాళ్ళలో 7 మంది తమ అకౌంటెంట్ చెప్పగా వచ్చినవాళ్ళు. యాడ్స్ ఆపేసి అకౌంటెంట్ల వెంట పడదామనుకుంటున్నాం. ఇందులో మాకు కనబడని ప్రమాదం ఏంటి?" పనితెలిసిన మెంటార్ దీనికి వ్యూహం చెప్పరు. "ఆ 61 మందిలో ఎంతమందికి ఫోన్ చేశారు?" అంటారు. జవాబు సున్నా అయితే మీటింగ్ అక్కడితో సరి, పదిమందికి ఫోన్ చేశాకే మిగతాది.

2009లో, ఇళ్ళని అతిథులకి అద్దెకిప్పించే ఎయిర్‌బీఎన్‌బీ వ్యవస్థాపకులు కాలిఫోర్నియాలోని వై కాంబినేటర్ అనే యాక్సిలరేటర్‌లో ఉన్నప్పుడు, దాని వ్యవస్థాపకుల్లో ఒకరైన పాల్ గ్రాహమ్ చెప్పిందీ ఇదే తరహా మాట: మీ యూజర్లు న్యూయార్క్‌లో ఉంటే మీరు ఇక్కడేం చేస్తున్నారు, వెళ్ళి కలవండి. వెళ్ళి చూస్తే ఇళ్ళ ఫొటోలు నాసిగా ఉన్నాయి. కెమెరా పట్టుకుని తామే తిరిగి తీశారు. ఫొటోల సంగతి గ్రాహమ్‌కీ ముందే తెలియదు. కస్టమర్ గుమ్మం దాకా తోసినందుకే ఆ సలహాకి విలువ. ఆ గుమ్మంలో ఏం అడగాలన్నది వేరే విద్య. "ఇలాంటి యాప్ ఉంటే కొంటారా?" అంటే మొహమాటానికి అందరూ కొంటామనే అంటారు. "పోయిన నెల బకాయిలు ఎలా వసూలు చేశారు? ఎన్ని ఫోన్లు చేయాల్సొచ్చింది?" అంటే జరిగింది బయటికొస్తుంది.

"కోర్సులూ శిక్షణలూ దండగ." నైరోబీలో తరగతి పనిచేయలేదు కదా అనొచ్చు. ఏ తరగతి అన్నది చూడాలి. టోగోలో 1,500 చిన్న వ్యాపారాలపై చేసిన ప్రయోగం 2017లో వెలువడింది. లెక్కలు, మార్కెటింగ్, నిర్వహణ నేర్పే మామూలు శిక్షణ వల్ల లాభం 11 శాతం పెరిగినట్టు కనిపించినా, గణాంకాల పరంగా నమ్మదగ్గంత తేడా కాదు. చొరవ తీసుకోవడం, అడ్డంకిని ముందే ఊహించడం, లక్ష్యం పెట్టుకుని వెంటపడడం సాధన చేయించిన శిక్షణ వల్ల 30 శాతం పెరిగింది. ఇటలీలో 116 స్టార్టప్‌లతో చేసిన ఇంకో ప్రయోగం 2020లో అచ్చయింది. రెండు గుంపులకీ అవే పద్ధతులు నేర్పారు. ఒక గుంపుకి మాత్రం శాస్త్రవేత్తలా ముందే ఊహ రాసుకుని, పరీక్షించి, ఫలితాన్ని బట్టి నిర్ణయించమన్నారు. వీళ్ళ ఆదాయం మెరుగ్గా ఉంది, దారి మార్చుకున్నవాళ్ళూ వీళ్ళలోనే ఎక్కువ.

ఊహ రాసుకోవడమంటే పెద్ద తతంగమేమీ లేదు. "నెలకు 30కి మించి ఇన్‌వాయిస్‌లు వేసే 20 మందిని కలిస్తే కనీసం 8 మంది పోయిన నెల బకాయిల కోసం స్వయంగా ఫోన్లు చేసుంటారు. 4 లేదా అంతకంటే తక్కువ వస్తే ఈ సమస్యని వదిలేస్తాం. మధ్యలో వస్తే ఇంకో 20 మంది. గడువు రెండు వారాలు." వదిలేసే అంకె ముందే రాయకపోతే 3 వచ్చినా "ఆ ముగ్గురూ ఎంత ఉత్సాహంగా ఉన్నారో!" అని మనసు సర్దిచెప్పేస్తుంది.

"గేట్స్, జుకర్‌బర్గ్ చదువు మానేశారు." గేట్స్ 1975లో హార్వర్డ్ వదిలేనాటికే ప్రోగ్రామింగ్‌లో ఏడేళ్ళు తలమునకలై ఉన్నారు, పదమూడో ఏట మొదలుపెట్టారు కాబట్టి. మానేసింది కాలేజీని, నేర్చుకోవడాన్ని కాదు. అమెరికా జనగణన సంస్థ రికార్డులతో చేసిన పరిశోధనలో, అత్యంత వేగంగా ఎదిగిన వెయ్యిలో ఒకటి స్థాయి కంపెనీల వ్యవస్థాపకుల సగటు వయసు, కంపెనీ పెట్టే నాటికి, 45 ఏళ్ళు. అది చాలు.

"పదిలో తొమ్మిది మునిగేవే, వైఫల్యమే గురువు." అమెరికా కార్మిక గణాంకాల ప్రకారం కొత్త వ్యాపారాల్లో సుమారు ఐదోవంతు మొదటి ఏడాదిలో, దాదాపు సగం ఐదేళ్ళలోపు మూతపడతాయి. పదేళ్ళు గడిచినా మూడోవంతు నిలబడే ఉంటాయి. వెంచర్ పెట్టుబడి తీసుకుని ఆకాశమంత ఎదగాల్సిన కంపెనీల లెక్క వేరనుకోండి. ఆ కంపెనీల మీదే 2010లో ఒక పరిశోధన వచ్చింది: ఒకసారి గెలిచిన ఫౌండర్ రెండోసారి గెలిచే అవకాశం 30 శాతం. ఒకసారి ఓడినవాళ్ళకీ, అసలు మొదటిసారి దిగినవాళ్ళకీ ఇంచుమించు ఒకటే, 20 శాతం దరిదాపుల్లో. వైఫల్యం నిజంగా గురువైతే ఈ రెండు అంకెల మధ్య ఎడం కనిపించాలి కదా.

ఎందుకు కనిపించదంటే, కంపెనీ మూతపడేటప్పుడు కారణాలు గుంపుగా వస్తాయి. డబ్బు అయిపోయింది, కో-ఫౌండర్ వెళ్ళిపోయాడు, పెద్ద కస్టమర్ జారిపోయాడు. ఏది కారణం, ఏది ఫలితం అన్నది వెనక్కి తిరిగి చూస్తే తేలదు. మనకి తక్కువ నొప్పి కలిగించే కారణాన్నే ఎంచుకుంటాం. 'త్వరగా ఫెయిల్ అవ్వండి' అన్న మాట కంపెనీల గురించి కాదు, రెండు వారాల పరీక్షల గురించి. నిర్ణయం తీసుకున్న రోజే తేదీ వేసి, ఏం జరుగుతుందనుకుంటున్నామో ఒక వాక్యం, ఎప్పుడు తిరిగి చూస్తామో ఇంకో వాక్యం రాసిపెట్టుకున్నవాళ్ళకే ఓటమి నుంచి ఏదైనా చేతికొస్తుంది.

"2 శాతం రాసిచ్చేయండి." సందేశం మొత్తంలో డబ్బు ఖర్చయ్యే ముక్క ఇది. ఫౌండర్ ఇన్‌స్టిట్యూట్ అనే స్టార్టప్ శిక్షణ సంస్థ అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచిన సలహాదారు ఒప్పందం నమూనా ఒకటుంది. అందులో కంపెనీ దశని బట్టి, ఇచ్చే సమయాన్ని బట్టి వాటా 0.15 నుంచి 1 శాతం మధ్యే. అదీ ఒక్కసారిగా చేతికి రాదు: రెండేళ్ళ వెస్టింగ్ (వాటా నెలనెలా కొంత చొప్పున దక్కడం), మొదట మూడు నెలల క్లిఫ్ (ఆలోపు విడిపోతే ఏమీ దక్కదు).

కంపెనీకి 10 లక్షల షేర్లు ఉన్నాయనుకుందాం. మెంటార్‌కి 0.5 శాతమంటే 5,000 షేర్లు, 24 నెలలకి పంచితే నెలకు సుమారు 208. రెండో నెలలో ఆయన ఫోన్ ఎత్తడం మానేస్తే క్లిఫ్ దాటలేదు కాబట్టి ఇవ్వాల్సింది సున్నా. ఆరో నెలలో విడిపోతే 1,250. వెస్టింగ్ లేకుండా 2 శాతం రాసిచ్చారా, రెండో నెలలో మాయమైనా 20,000 షేర్లు ఆయనవే. ఉత్సాహంలో ఇలాంటివాళ్ళని ఐదుగురిని పోగేస్తే పదోవంతు కంపెనీ పనిచేయనివాళ్ళ చేతిలో ఉన్నట్టు. తర్వాతి పెట్టుబడి రౌండ్‌లో ఇన్వెస్టర్ క్యాప్ టేబుల్ (ఎవరికెంత వాటా ఉందో చూపే పట్టిక) చూడగానే అడిగే మొదటి ప్రశ్న వీళ్ళెవరనే. తిరిగి కొందామంటే ధర ఆయన చెప్పిందే. కంపెనీ అమ్ముడుపోయే రోజు వస్తే, ఎక్కడున్నారో తెలియని మనిషి సంతకం కోసం వెతుక్కోవాలి.

కాగితం మీద వాటాతో పాటు నెలకు ఎన్ని గంటలు, ఏ పని (పరిచయాలా, నియామకాలా, ధర నిర్ణయమా), పోటీ కంపెనీకి సలహా ఇవ్వొచ్చా లేదా, ఆయన ఇచ్చిన ఆలోచనలపై హక్కు ఎవరిది, ఎవరు ఎప్పుడు ఆపేయొచ్చు అన్నవి ఉండాలి. అయితే ఆ కాగితం మొదటి రోజే తీయాల్సిన పని లేదు. మూడు మీటింగులు ఊరికే జరగనివ్వండి. ప్రతిదాని తర్వాత వారంలోపు, చెప్పింది చేశామా, చేస్తే ఏ అంకె కదిలింది, చేయకపోతే ఎందుకు చేయలేదు అని ఐదు లైన్లు పంపండి. మూడో మెయిల్‌కి ఆయన దగ్గర్నుంచి ఇంకో ప్రశ్న తిరిగొస్తే ఒప్పందం మాట ఎత్తొచ్చు. "గుడ్, కీప్ గోయింగ్" అని మాత్రమే వస్తే షేర్లు మీ దగ్గరే ఉంచుకోండి.