కాళ్లు తీసేస్తే కళాఖండం

డాన్సు పాటకు ప్రమోషన్ ఇప్పించే పద్ధతి ఒకటుంది. న్యూయార్క్ నాటకాల వీధి బ్రాడ్‌వేలో, నాటకశాల వేదిక ముందు గోతిలో కూర్చుని వాయించినంతకాలం దాన్ని పెద్దలు పట్టించుకోరు. అదే సంగీతాన్ని పైకెక్కించి, డాన్సర్లను ఇంటికి పంపేసి, వాయించేవాళ్లను రెండు మూడింతలు చేస్తే కళాఖండమైపోతుంది. కాళ్లు తగ్గేకొద్దీ గౌరవం పెరుగుతుందన్నమాట.

సంగీతకర్త లియొనార్డ్ బెర్న్‌స్టైన్ స్వరపరచిన సంగీత నాటకం 'వెస్ట్ సైడ్ స్టోరీ' 1957లో బ్రాడ్‌వే ఎక్కినప్పుడు ఆ వాద్యబృందంలో మందుకైనా ఒక్క వయోలా (వయొలిన్‌కన్నా కాస్త పెద్ద వాద్యం) లేదు. అందులోని నాట్యాలను 'సింఫనిక్ డాన్సెస్' అని 1961లో కార్నెగీ హాల్ కచేరీలో న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా వాయించేసరికి వయోలాలకూ చోటు దొరికింది. డాన్సర్ల పొట్టకొట్టి వయోలా వాళ్లకు అన్నం పెట్టడం సామాజిక న్యాయమే కదా.

వరసలోనూ సంస్కరణే. నాటకంలో ఇద్దరు కుర్రాళ్లు కత్తిపోట్లకు చచ్చాక, రెండో అంకంలో వచ్చే కల ఇక్కడ రెండో నాట్యం. అంటే నాయికా నాయకులు పరిచయం కాకముందే కలిసి కలగనేస్తారు. వేదిక మీద వాళ్లెలాగూ లేరు, అభ్యంతరం ఎవరు చెబుతారు?

నాకు నిజంగా జాలేసేది వాయించేవాళ్లే కేకలు కూడా వేయాల్సిన 'మాంబో' నాట్యం దగ్గర. చిన్నప్పట్నుంచీ వయొలిన్ తప్ప వేరే లోకం తెలియని నల్లకోటు పెద్దమనిషి, బార్లు (మన తాళావర్తాల్లాంటివి) లెక్కపెట్టుకుంటూ, 'మాంబో!' అని అరవాలి. నేను వెళ్లిన కచేరీలో అరిచాడు, హాజరు పిలిస్తే పలికినట్టు. వెనకాల డ్రమ్ముల ఆయనైతే అంతకుముందే పోలీసు విజిల్ ఊది, అది తనది కాదన్నట్టు పక్కన పెట్టేశాడు.

డాన్సరు ఈ మూల నుంచి ఆ మూలకు చేరడానికి టైము చాలకపోతే నాలుగు బార్లు పెంచడం బ్రాడ్‌వే రిహార్సళ్లలో మామూలే. ఆ పనికి డాన్స్ అరేంజర్ అని ప్రత్యేకంగా ఓ మనిషే ఉంటారు. హాల్లో చేతికిచ్చే పుస్తకంలో అలాంటి బార్లు 'నిర్మాణపరమైన ఉత్కంఠ'గా మారతాయి. ఉత్కంఠ నిజమే, డాన్సరు చేరతాడా లేదా అని.

ఇక శ్రోత విధి కదలకుండా ఉండటం. నా కుడి బూటు తాళం వేసింది. పక్కావిడ బూటు వంక చూసింది. కాలిని కుర్చీ కిందకు లాగి, రెండో కాలితో నొక్కిపట్టాను. ఆఖరి స్వరం మెల్లగా ఆరిపోయాక హాలంతా లేచి నిలబడింది. తిమ్మిరెక్కిన కాలు నన్ను లేవనివ్వలేదు. సంగీతమంటే తెలియని మనిషని ఆవిడ మళ్లీ చూసింది.