కాలిపోయిన బోటు ఖరీదు ఏ పుస్తకంలో ఉంది?

2023 నవంబర్ 19న అర్ధరాత్రికి కాస్త ముందు విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో చెలరేగిన మంటల్లో పదుల కొద్దీ బోట్లు దెబ్బతిన్నాయి. ఆర్పకుండా పారేసిన సిగరెట్ ముక్కే కారణమని పోలీసులు తేల్చారు. మంట అంటుకున్న బోటును జెట్టీ నుంచి విడదీసి నీళ్లలోకి నెట్టినా గాలి దాన్ని మళ్లీ జెట్టీ వైపే తోసుకొచ్చింది. డీజిల్ నింపుకుని, వంట గ్యాస్ సిలిండర్లు ఎక్కించుకుని, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిలిచిన బోట్లకు ఆ ఒక్కటీ చాలింది. నష్టం విలువలో 80 శాతం పరిహారంగా ఇస్తామని అప్పటి ప్రభుత్వం ప్రకటించింది. ఇక్కడ అడగవలసిన ప్రశ్న ఒకటుంది: దేనిలో 80 శాతం?

బోటుకు రిజిస్ట్రేషన్ ఉంటుంది. ఐఎన్‌డీ-ఏపీ అని మొదలయ్యే నంబరు, యజమాని పేరు, పొడవు, ఇంజిన్ సామర్థ్యం రియల్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో నమోదవుతాయి. అది బోటు పుట్టుక చెబుతుంది, బతుకు చెప్పదు. చెక్క బోటు విషయంలో ఈ తేడా చిన్నది కాదు, ఎందుకంటే చెక్క బోటుకు ఒకే వయసంటూ ఉండదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సాగే 61 రోజుల వేట నిషేధంలో దాన్ని ఒడ్డుకు లాగి, పుచ్చిన పలక ఊడదీసి కొత్తది బిగిస్తారు, సందుల్లో నూలు దట్టిస్తారు, చెక్కను తొలిచే సముద్రపు పురుగు చేరకుండా పైన ఫైబర్ పూత వేస్తారు. ఇరవై ఏళ్లకు అందులో మొదటి నాటి కర్ర ఎంత మిగిలిందో కట్టిన వడ్రంగి కూడా చెప్పలేడు. కాగితం మీద అది ఇరవై ఏళ్ల పాత బోటు. నీటి మీద మాత్రం నిరుడు సగం కొత్తదైన బోటు. పాబ్లో, రొయ్య, సొర్రా, సోనా అంటూ తరానికో రకం మరపడవ వచ్చినా, ఈ మరమ్మతుల చరిత్ర మాత్రం యజమాని నోటి లెక్కగానే ఉండిపోయింది.

నిప్పు ఆ నోటి లెక్కకు సాక్ష్యాన్ని కూడా మిగల్చదు. చెక్క బోటు సాధారణంగా నీటిమట్టం దాకా కాలుతుంది. పురుగు నుంచి కాపాడాలని వేసిన ఫైబర్ పూతే, అందులోని రెజిన్ వల్ల, నల్లటి పొగ కక్కుతూ మంటను ఎగదోస్తుంది. చివరికి మిగిలేది నీళ్లలో మునిగిన అడుగు భాగం, మాడిన ఇంజిన్ దిమ్మ, ప్రొపెల్లర్. వాటిని చూసి మొన్నటి వేసవిలో ఎన్ని పలకలు మార్చారో ఏ అధికారి చెప్పగలడు? అందుకే ఖరీదు కట్టే చోట యజమాని ఎక్కువ చెబుతున్నాడని అధికారికి అనుమానం, అధికారి తక్కువ రాస్తున్నాడని యజమానికి మంట. ఇద్దరిదీ తప్పనలేం.

బీమా దగ్గరా ఇదే చిక్కు. ఆనాడు కాలిన బోట్లలో చాలావాటికి బీమా లేదు. ప్రీమియం భారం ఒక కారణమే, కానీ వయసు ఎంతో, స్థితి ఏమిటో తేలని చెక్కకు ధర కట్టడం బీమా కంపెనీకి మాత్రం ఎలా సాధ్యం?

దీనికి కొత్త శాఖ అక్కర్లేదు. మత్స్యకారులకు ఇచ్చే వేట నిషేధ కాలపు భృతి కోసం మత్స్యశాఖ సిబ్బంది ఎలాగూ రేవుకు వచ్చి బోట్లను లెక్కిస్తారు, అదీ అవి మరమ్మతుకు ఒడ్డెక్కి ఉన్న రోజుల్లోనే. అప్పుడే నాలుగు ఫోటోలు తీసి, ఇంజిన్ నంబరు, మార్చిన పలకలు, అయిన ఖర్చు అదే రిజిస్ట్రేషన్ కింద ఏటా ఒక పేజీగా చేర్చవచ్చు. పన్నులకో, ఆంక్షలకో వాడతారన్న భయంతో కొందరు యజమానులు ముందుకు రాకపోవచ్చు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు కనుక, ఆ పేజీని పరిహారానికీ బీమాకూ తప్ప మరి దేనికీ వాడబోమని నిబంధనలోనే రాయాలి. ఆ సిబ్బంది రాసుకునే జాబితాలో బోటు నంబరు పక్కనే కలాసీల, అంటే బోటులో పనిచేసేవారి, పేర్లూ ఉంటాయి. బోటు కాలితే వారికి పోయేది పలకలు కాదు, కొత్త బోటు నీళ్లలోకి దిగేదాకా వేటలో వచ్చే వాటా. పరిహారపు లెక్కలో దానికీ ఒక గడి గీయాలి.