చన్నీళ్ళు, కింది బెర్తు

మొన్న రాత్రి సికింద్రాబాదులో కాకినాడ రైలు ఎక్కాను. నలభై ఏడేళ్ళ జీవితంలో మొట్టమొదటిసారిగా అడగకుండానే కింది బెర్తు వచ్చిందన్న గర్వంతో కిటికీ పక్కన సర్దుకుని, మా మేనకోడలి కోసం కొన్న జపాను బొమ్మల కథల పుస్తకాన్ని తెరిచాను. దాని పేరు రన్మా ½. రుమికో తకహాషి అనే రచయిత్రి 1987 నుండి 1996 వరకు ఒక వారపత్రికలో ధారావాహికగా గీసిన ఈ మాంగా మొత్తం 38 సంపుటాలు. 2024లో ఇదే కథ కొత్త యానిమేగా, అంటే జపాను కార్టూన్ ధారావాహికగా, వచ్చినప్పటి నుండి మా పిల్లకు వేరే ధ్యాస లేదు. నా చేతిలో ఉన్నది మొదటి పుస్తకం మాత్రమే కావడం ఒక రకంగా నా అదృష్టం.

మాంగాను కుడి నుండి ఎడమకు చదవాలి. మనం వెనుక అట్ట అనుకునేదే దానికి ముందు అట్ట. ఈ సంగతి పిల్ల నాకు ముందే పాఠం చెప్పింది కనుక నేను పుస్తకాన్ని సవ్యంగానే పట్టుకున్నాను. సవ్యంగా పట్టుకోవడమే నేను చేసిన పొరపాటు.

"బాబూ, పుస్తకం తిరగేసి చదువుతున్నావు," అన్నారు ఎదుటి సీటులోని పెద్దాయన. డెబ్బై ఎనిమిదేళ్ళ విశ్రాంత తెలుగు మాస్టారు. వినికిడి యంత్రం ఉన్నది కానీ, బ్యాటరీ అరిగిపోతుందని ప్రయాణాలలో దానిని సంచిలోనే ఉంచుతారట. ఆయనకు వచ్చినది పై బెర్తు. అడిగితే నాది ఇద్దామనే ఉన్నాను. అడగలేదు కదా అని ఊరుకున్నాను.

ఇది ఇలాగే చదవాలని చెప్పాను. అయితే కథ ఏమిటో చెప్పమన్నారు.

తండ్రితో కలిసి మల్లయుద్ధం వంటి విద్యలు సాధన చేస్తూ చైనా వెళ్ళిన రన్మా అనే కుర్రవాడు, అక్కడ శాపం ఉన్న ఒక మడుగులో పడతాడు. పూర్వం ఒక ఆడపిల్ల మునిగి చనిపోయిన మడుగు అది. అప్పటి నుండి వాడి మీద చన్నీళ్ళు పడితే ఆడపిల్ల అవుతాడు, వేడినీళ్ళు పడితే మళ్ళీ మగపిల్లవాడవుతాడు. పక్క మడుగులో పడిన తండ్రి మాత్రం పాండా అవుతాడు. ఇంత సులభమైన కథను నేను మొదట మర్యాదగా, మామూలు గొంతుతోనే చెప్పాను. మాస్టారు చెవి వెనుక చెయ్యి పెట్టుకున్నారు. రెండవసారి గొంతు పెంచాను. ఆయన చెవితోపాటు మనిషి కూడా ముందుకు వంగారు. మూడవసారి ప్రాణాలన్నీ కూడదీసుకుని, "చన్నీళ్ళు పడితే ఆడపిల్ల అయిపోతాడండీ!" అని నేను అరవడమూ, సిగ్నలు కోసం రైలు టక్కున ఆగిపోవడమూ ఒకేసారి జరిగాయి. నడుస్తున్న రైలు మన పరువును ఎంతగా కాపాడుతుందో ఆగిన రైలులోనే తెలుస్తుంది. పక్క అరలో చీట్లపేక ఆగిపోయింది. పులిహోర పొట్లం విప్పుతున్న ఒక ఇల్లాలు విప్పడం మానేసింది. ఆవిడ ఆరేళ్ళ కొడుకు నా నెత్తిన ఉన్న పై బెర్తు మీది నుండి తల కిందికి వేలాడేసి నన్ను పరీక్షగా చూశాడు.

"ఎవరు?" అన్నారు మాస్టారు.

"పెళ్ళికొడుకండీ!"

ఆ మాట అనకుండా ఉండవలసింది. కథలో అది నిజమే. తండ్రులిద్దరూ ఎప్పుడో మాట ఇచ్చిపుచ్చుకున్నారు కనుక, ముగ్గురు అక్కచెల్లెళ్ళలో చిన్నదైన అకానేకు వీడిని ఖాయం చేస్తారు. అయితే మాస్టారి చెవికి చేరినది కథ కాదు, సంబంధం. కుర్రవాడు ఏం చదివాడని అడిగారు. ఇంకా పదహారేళ్ళేనన్నాను. బాల్యవివాహమా అని కళ్ళెర్ర చేశారు. పిల్ల తండ్రికి ఈ చన్నీళ్ళ సంగతి చెప్పారా అని నిలదీశారు. చెప్పారని, ఆయనకు అభ్యంతరం లేదని, అసలు వియ్యంకుడే పాండా అయినప్పుడు అల్లుడి విషయంలో పట్టింపులేముంటాయని నేను సర్దిచెప్పబోయాను. "మధ్యవర్తిత్వం నువ్వేనా?" అన్నారాయన. చీట్లపేక అరలో నుండి ఎవరో "పాపం, ఆ పిల్ల" అనడం స్పష్టంగా వినిపించింది.

పుస్తకం ఆయన చేతికిచ్చి బొమ్మలు చూపించిన తరువాత గాని ఇది కల్పన అని నమ్మలేదు. నమ్మిన తరువాత మరీ ప్రమాదం వచ్చిపడింది, ఎందుకంటే ఆయనకు ఉత్సాహం పుట్టింది. "ఇందులో జపాను వాళ్ళ గొప్పేముంది? మా కాకినాడ పక్కన సర్పవరం ఉంది," అని మొదలుపెట్టారు. విష్ణుమాయ నన్నేమి చేస్తుందని గర్వపడిన నారదుడు అక్కడి గుండంలో మునిగి స్త్రీగా లేచాడని, రాజును పెళ్ళాడి ప్రభవ, విభవ మొదలుకొని అక్షయ వరకు అరవై మంది కొడుకులను కన్నాడని, వాళ్ళే మన అరవై సంవత్సరాలని, చివరకు పక్క గుండంలో మునిగి పురుషరూపం పొందాడని ఆయన చెప్పారు. చెవి వినపడని మనిషి కనుక ఆయన గొంతు నా గొంతుకు రెండింతలు. ఇంతకీ నారదుడికి జరిగినది చూస్తే రన్మా బాధలు ఏపాటివి? వాడికి కెటిల్‌లో కాసిన్ని కాగిన నీళ్ళుంటే చాలు. ఈయన అరవై పురుళ్ళు పోసుకోవలసి వచ్చింది. ఈ మాట పైకి అందామని నేను తల ఎత్తిన సమయంలో నా నెత్తిన లీటరు సీసా చన్నీళ్ళు పడ్డాయి.

ఒలకలేదు. పోశాడు. పై బెర్తు మీది వీరుడు మూత తీసి, గురి చూసి, సీసా ఖాళీ అయ్యేవరకు నిదానంగా పోశాడు.

తరువాత జరిగినదే ఇప్పటికీ నన్ను గుచ్చుతోంది. తడిసిన మనిషికి ఎవరైనా తువ్వాలు ఇస్తారు, కనీసం అయ్యో అంటారు. అక్కడ ఒక్కరూ నోరు విప్పలేదు. మాస్టారు, పులిహోర ఇల్లాలు, చీట్లపేక నలుగురు, చదువుకున్నవాళ్ళూ పెద్దవాళ్ళూ అందరూ, రెండు క్షణాలపాటు ఊపిరి బిగబట్టి నా వైపు చూస్తూ ఉండిపోయారు. దేని కోసం చూస్తున్నారో వాళ్ళకూ తెలుసు, నాకూ తెలుసు. సిగ్గుతో చెబుతున్నాను, నా చెయ్యి కూడా ఒకసారి మీసం దాకా వెళ్ళి వచ్చింది.

సరిగ్గా అప్పుడు టీసీ వచ్చాడు. ట్యాబ్ చూసి, "25, దుర్గ, నలభై ఏడు, స్త్రీ. ఆవిడ ఎక్కడండీ?" అన్నాడు.

నా పేరు దుర్గాప్రసాద్. నేను టికెట్ తీసిన ప్రైవేటు యాప్‌కు నా పేరు పొడవైందట, ప్రసాద్‌ను కత్తిరించింది. పోయిన సంక్రాంతికి మా అక్కకు టికెట్ తీసినప్పటి వివరాలను దాచిపెట్టి, ఈసారి నేను పేరూ వయసూ మార్చినా మూడవ గడిని మాత్రం తన దగ్గరే భద్రంగా ఉంచుకుంది. శాకాహారమా మాంసాహారమా అని అడిగింది. బీమా కావాలా అని అడిగింది. కాకినాడ వెళ్ళేవాడిని పట్టుకుని గోవాలో హోటలు గది కావాలా అని రెండుసార్లు అడిగింది. తమరు ఆడా మగా అని ఒక్కసారి అడగడానికి మాత్రం దానికి మొహమాటం అడ్డొచ్చింది.

"నలభై ఐదు దాటిన ఆడవాళ్ళకు, ఖాళీ ఉంటే, కింది బెర్తు దానంతట అదే వస్తుంది లెండి," అని టీసీ అందరికీ వినపడేలా వివరించాడు. నా గర్వానికి కారణం అదన్న మాట. మాస్టారు తల ఎత్తి ఒకసారి తన పై బెర్తును, తల దించి ఒకసారి నన్ను చూశారు. నా గుర్తింపు కార్డును టీసీ అటూ ఇటూ తిప్పి చూస్తుండగా, నా చొక్కా అంచు నుండి నీళ్ళు ఆయన బూటు మీద పడుతున్నాయి.

ఇల్లాలు కొడుకు రెక్క పట్టుకుని కిందికి దింపి, క్షమాపణ చెప్పమంది. వాడు నన్ను కింది నుండి పై వరకు చూసి, బాగా ఆలోచించి, "సారీ ఆంటీ," అన్నాడు.

నేను మర్యాదగా లేచి, నా బెర్తు మాస్టారికి ఇచ్చాను. ఆయన వద్దనలేదు. కాళ్ళు చాపుకుని కూర్చుని, నడవలో వెళుతున్న టీ కుర్రవాడిని పిలిచి, "అబ్బాయ్, వేడినీళ్ళున్నాయా?" అని గట్టిగా అడిగారు.

"వేడినీళ్ళు లేవు తాతా, టీ ఉంది."

"సరే, టీ అయినా పొయ్యి," అంటూ నా వైపు చెయ్యి చూపించారు.